టీ బల్ల కింద కుడికాలు

ఆ బల్ల తనంతట తాను గాలిలోకి లేవలేదు. నేనే లేపాను. కాలితో.

ఈ మూడు ముక్కలు కాగితం మీద పెట్టడానికి నాకు ముప్ఫై అయిదేళ్ళు పట్టింది. ఇప్పుడు రాసి చూసుకుంటే ఇంతేనా అనిపిస్తోంది. ఇన్నేళ్ళూ ఇవి నా గుండె మీద రుబ్బురోలంత బరువుగా కూర్చున్నాయి. మీకు నవ్వొస్తోందని తెలుసు. నవ్వండి, ఫరవాలేదు. నాక్కూడా చాలాసార్లు నవ్వొచ్చింది. నవ్వొచ్చే తప్పు కాబట్టే ఇంతకాలం దాచగలిగానేమో. ఏడుపొచ్చే తప్పయితే ఎప్పుడో ఎవరి ఒళ్ళోనో తల పెట్టుకుని చెప్పేసి ఉండేదాన్ని.

గూడెం వైపు తెల్లదొరల మీద లేచిన పితూరీ సద్దుమణిగిన మరుసటేటి సంగతి. నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. అనంతగిరి దాటి అరకు వెళ్ళే దారిలో ఒక తెల్లదొర కాఫీ తోట ఉండేది. ఆ తోట బంగళాలో నేను వంటమనిషిని. మా ఊరు కింద, విజయనగరం వైపు. మిషన్ బడిలో నాలుగు తరగతులు చదివాను. పెళ్ళయిన మూడో ఏట మా ఆయన కలరాతో పోయాడు. అన్నయ్య ఇంటికి చేరాను. అక్కడ నాకు దొరికింది వంటింటి గుమ్మం పక్కన ఒక చాప, వదిన నోట్లోంచి రోజుకి ఇన్ని మాటలు. బడి పాదిరిగారి భార్య దయతలచి ఈ కొండమీది పని చూపించింది.

బంగళాలో నాకొక గది ఇచ్చారు. చిన్నదే. కిటికీ తెరిస్తే పొగమంచు అడక్కుండా లోపలికొచ్చి మంచం మీద కూర్చునేది. బట్టలు ఆరేవి కావు. అయినా ఆ గదికి లోపలి నుంచి గడియ ఉంది. లోపలి నుంచి గడియ పెట్టుకోగల గది నా జీవితంలో అదే మొదటిది. ఈ మాట గుర్తుంచుకోండి, నా తప్పంతా ఆ గడియ దగ్గరే మొదలైంది.

నేను వెళ్ళిన రెండో ఏట దొర మన్యం జ్వరంతో పోయాడు. తోటలోనే, సిల్వర్ ఓక్ చెట్ల కింద సమాధి కట్టారు. దొరసాని ఒక్కతే మిగిలింది. పిల్లల్లేరు. ఏభై దాటిన మనిషి. దొర బూట్లు తొడుక్కుని, చేత్తో కర్ర పట్టుకుని తోటంతా తిరిగేది. ఆవిడ తెలుగు నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, కాయలు కోసే కొండ ఆడవాళ్ళ దగ్గర. నేను పనిలో చేరిన మొదటి రోజున, పాలలాంటి తెల్లటి మనిషి వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏటి సేత్తన్నావు గుంటా? రొట్టె మాడతంది, బేగి సూడు!" అని అరిచింది. చేతిలో పళ్ళెం జారవిడిచాను. పగిలింది. ఆవిడ తిట్టలేదు. నన్ను చూసి నవ్వింది.

ఆవిడకి సీమలో, అంటే ఇంగ్లండులో, ఒక్కతే చెల్లెలు. నెలకో ఉత్తరం రాసేది. ఉత్తరం వచ్చిన రోజున దొరసాని వరండాలో కూర్చుని నాకు తెలుగులో చెప్పేది. చెల్లెలింట్లో పియానో ఉందట. వెనక ఆపిల్ చెట్టు ఉందట. ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం, వచ్చెయ్యి అక్కా, కలిసి ఉందాం అని ప్రతి ఉత్తరంలోనూ చివరి మాట అదేనట. దొర పోయిన ఏడాదికి, వానాకాలం మొదట్లో, దొరసాని ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని అంది: "ఈ ఏడు కాయ కోతలైపోనాక తోట అమ్మేసి ఎల్లిపోతాను."

నేను తల ఊపాను. మంచిదేనమ్మా అన్నాను. గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చున్నాను.

ఆ వానల్లోనే వాల్తేరు నుంచి దొరసాని స్నేహితురాలొకావిడ వచ్చింది. డోలీలో, నాలుగు పెట్టెలతో. దసరా దాకా ఉంటానంది. బొద్దుగా, ఎప్పుడూ దేనికో ఒకదానికి ఆశ్చర్యపోతూ ఉండేది. చనిపోయినవాళ్ళతో మాట్లాడే విద్య ఒకటి నేర్చుకున్నానని చెప్పింది. తేలికపాటి బల్ల ఉండాలి. నలుగురు చుట్టూ కూర్చుని చేతులు పైన పరచాలి. పోయినవాళ్ళు వస్తే బల్ల లేస్తుంది. ఒకసారి లేచి పడితే అవును, రెండుసార్లు పడితే కాదు. నలుగురిలో ఇద్దరు మనసు తేటగా ఉన్నవాళ్ళయితే మంచిదట. అందుకని నన్నూ, సోమన్ననీ పిలిచారు.

నా మనసు తేటదనం ఎంతో ఇకముందు మీకే తెలుస్తుంది.

సోమన్న తోట మేస్త్రీ. కొండదొరల తెగవాడు. తోటకి దిగువన వాళ్ళ ఊరు. తోట హద్దుని ఆనుకుని వాళ్ళ సామ, చోడి చేలు. దొర వాటి జోలికి ఎన్నడూ వెళ్ళలేదు. తోట కొనుక్కుని కొత్తగా వచ్చేవాడు వెళ్ళకుండా ఉంటాడన్న నమ్మకం లేదు. సోమన్నకి ఏభై ఏళ్ళు, గట్టి మనిషి. ఆ రోజున మాత్రం కుర్చీ అంచున కూర్చుని చెమట్లు కక్కాడు. దయ్యం భయం కాదు, జన్మలో మొదటిసారి కుర్చీలో కూర్చోవడం వల్ల.

మధ్యాహ్నం మూడయి ఉంటుంది. వాన. తెరలు దించి ఒక దీపం పెట్టారు. గుండ్రటి చిన్న టీ బల్ల. మధ్యలో ఒకటే కాండం, కింద మూడు వైపులకీ చాచిన మూడు పాదాలు. పైన గుడ్డ మోకాళ్ళ దాకా వేలాడుతోంది. దొరసాని సోమన్న కోసం ప్రతి ప్రశ్నా తెలుగులోనే అడిగింది. "ఉన్నావా?" అంది. బల్ల కదల్లేదు. మళ్ళీ అడిగింది. కదల్లేదు. మూడోసారి అడిగేటప్పుడు ఆవిడ గొంతు సన్నబడింది.

సరిగ్గా అప్పుడే నా కుడిపాదం మీద ఏదో చల్లగా పాకింది. జలగ! వానాకాలంలో ఆ కొండల్లో జలగలు మనకంటే ముందు ఇంట్లోకొస్తాయి. అరవకూడదని పళ్ళు బిగించి కాలు విదిలించాను. పాదం వెళ్ళి బల్ల పాదం కింద ఇరుక్కుంది. బల్ల ఒక పక్కకి లేచి టక్కున పడింది.

నేను అప్పుడే "జలగమ్మా" అని ఉంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. కానీ దొరసాని ముఖం చూశాను. దీపం వెలుగులో ఆ ముఖం... ఎలా చెప్పను? దొర పోయాక ఆ ముఖం మీద అంత సంతోషం నేను చూడలేదు. నోరు మూసుకున్నాను. జలగ తాగినంత రక్తం తాగి తనే రాలిపోయింది.

మర్నాడు జలగ లేదు. అయినా లేపాను.

జాలితోనే లేపానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. జాలి ఉందన్నది నిజం. కానీ ఒక సంగతి దాచకూడదు, దాచేటట్లయితే ఈ రాతెందుకు? నాకు సరదాగా ఉంది. అంట్లు తోమే చేతుల మనిషిని, ఆ గదిలో ఇద్దరు దొరసానుల్ని నా బొటనవేలితో ఊపిరి బిగబట్టించాను. దొర ట్రంకుపెట్టె తాళం ఏడాదిగా కనబడ్డం లేదు. పాత బూటులో ఉందా అని దొరసాని అడిగింది. దుమ్ము దులుపుతూ నేను అక్కడే చూశాను. ఒక్క తట్టు. తీసి చూస్తే తాళం! వాల్తేరు ఆవిడ మూర్ఛపోయినంత పని చేసింది. సోమన్న తన ఎర్రావు నాలుగు రోజులుగా ఇంటికి రావడం లేదని, ఎటెల్లింది దొరా, తూరుపేనా అని అడిగాడు. నాకేం తెలుసు? ఊరికే ఒక తట్టు తట్టాను. ఆవు నిజంగానే తూర్పున నారింజ తోటలో దొరికింది. ఆ రోజు నుంచి సోమన్న కుర్చీలో వెనక్కి ఆనుకుని, హాయిగా, సొంత మనిషి దగ్గర కూర్చున్నట్టు కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆ తరవాత ఒక రోజున బల్ల నిజంగా లేచింది.

ఒక పక్కకి కాదు. మొత్తంగా. మూడు పాదాలూ నేల వదిలేశాయి. జానెడు ఎత్తు. నా చేతుల కింద చెక్క మెల్లగా, నీళ్ళలో పడవలాగ ఊగుతూ పైకి రావడం తెలిసింది. నేను లేపుతున్నది ఒక్క పాదాన్నే! తక్కినవి ఎవరు? వాల్తేరు ఆవిడ ఇంగ్లీషులో కీచుమంది. దొరసాని కళ్ళు మూసుకుంది. నేను కాలు లాక్కున్నాను. బల్ల ధడేలున పడింది. ఆ సాయంత్రం సూపులో ఉప్పుకి బదులు పంచదార వేశాను. ఎవరూ గమనించలేదు.

దొర వచ్చాడనుకున్నాను. నా ఎదురుగా ఉన్నాడు, నా కాలు చూశాడు అనుకున్నాను. మూడు రోజులు మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను. సోమన్న కూడా కొండదేవతకి కోడిని కోసి వచ్చాడని విన్నాను. నాలుగో రోజున, వాన తెరిపిచ్చాక, ముందుగా పండిన కాయలారబెట్టిన కళ్ళం దగ్గర, ఉండబట్టలేక సోమన్న ముందు బయటపడ్డాను. ఆ మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

"మేస్త్రీ, నేనొక పాపం చేశాను. ఆ బల్లని ఇన్నాళ్ళూ నేనే కాలితో లేపుతున్నాను. కానీ ఆ రోజు లేచింది నా వల్ల కాదు. దొర నిజంగా వచ్చాడు."

సోమన్న చేతిలో చేట కింద పెట్టాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వా?"

"నేనే."

"ఓలమ్మో! నానూ ఎత్తినాను గదే!"

"నువ్వెందుకు ఎత్తావు?"

"దొర ముసిలోడు, పైగా సచ్చిపోనోడు. ఒక్కడూ మొయ్యలేకపోతన్నాడు, అటేపు ఎత్తితే ఇటేపు పడిపోతంది. పాపం, సాయం పడదామని నానూ ఓ కాలెట్టినాను."

ఇద్దరం కళ్ళం మీద కూలబడి నవ్వాం. పొట్ట పట్టుకుని నవ్వాం. కాయలు తిరగేస్తున్న ఆడవాళ్ళు మాకేదో పట్టిందనుకున్నారు. నవ్వు తగ్గాక సోమన్న వేళ్ళు మడిచి లెక్క చూశాడు. "నీదొకటి, నాదొకటి. మరి మూడోది?" ఆ మాట మీద మళ్ళీ నవ్వాం. వాల్తేరు ఆవిడే అని తేల్చాం. అందుకు తగ్గట్టే, ఆవిడ దసరాకి వెళ్ళిపోయాక బల్ల మళ్ళీ ఎప్పుడూ పూర్తిగా లేవలేదు.

ఉన్నట్టుండి సోమన్న నవ్వు ఆపేశాడు. "అయితే దొర రానే లేదా?" అన్నాడు. చిన్నబోయాడు. "మరి మా ఆవు?"

"ఊరికే తట్టాను. అది తూర్పునుండడం నా అదృష్టం."

 సోమన్న చేట ఎత్తుకుంటూ అన్నాడు: "ఇనుకో గుంటా. ఆవు సంగతీ తాళం సంగతీ ఆట. నానూ నవ్వినాను. ఆ తల్లి సీమకి ఎల్లాలా ఒద్దా అని అడిగిన్నాడు మాత్రం నీ కాలు నీకాడే ఉంచుకో. అప్పాసెల్లెళ్ళ మజ్జిన మనం కాలెట్టకూడదు."

"తోట అమ్మేస్తే మీ చేలు పోతాయి కదా మేస్త్రీ?"

"పోతే ఇంకో కొండ. కొండలు శానా ఉన్నాయి. ఆయమ్మకి సెల్లి ఒక్కతే గదా."

అలాగే అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

కోతలు ముగింపుకొచ్చాయి. పెట్టెలు అటక మీది నుంచి దిగాయి. ఒక మధ్యాహ్నం దొరసాని మా ఇద్దర్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఇద్దరమూ పరధ్యానంగానే ఉన్నాం. సోమన్న కూర్చుంటూనే రెండు కాళ్ళూ కుర్చీ కిందికి ముడుచుకున్నాడు. నాకు కనబడేలా ముడుచుకున్నాడు. దొరసాని చేతులు పరిచి, దొరని పేరు పెట్టి పిలిచి అడిగింది.

"నానెల్లిపోనా?"

వాన లేదు. బయట ఎండ. తెరల సందులోంచి వెలుగు పడి నా చేతివేళ్ళు కనిపిస్తున్నాయి. అన్నయ్య ఇంట్లో ఆ చాప కనిపించింది. నా గది గడియ కనిపించింది. ఆపిల్ చెట్టు కింద అక్క కోసం కుర్చీ వేసి పెట్టుకున్న ముసలావిడ కూడా కనిపించింది. కనిపించలేదని అబద్ధమాడను. ఆవిణ్ణి చూస్తూనే కాలు చాచాను.

ఒకటి. రెండు.

కాదు.

నేను మనసులో ఎన్నోసార్లు ఆ మూడో కాలి వెనక దాక్కుందామని చూశాను. వాల్తేరు ఆవిడ ఈ విద్య తేకపోతే? ఆ జలగే లేకపోతే? దొరసానికి కూడా ఉండిపోవాలనే ఉందేమో, అందుకే అడిగిందేమో? కావచ్చు. అయితే ఏం? ఆ రోజున బల్ల కింద ఉన్నది ఒకే ఒక్క కాలు. అది నాది.

దొరసాని నిట్టూర్చింది. కాసేపటికి నవ్వింది. "అలగే మరి," అని పైకి చూసి చెప్పి, పెట్టెలు మళ్ళీ అటకెక్కించమంది. సోమన్న నా వైపు చూడకుండా లేచి వెళ్ళిపోయాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత ఒక పనసకాయ తెచ్చి వంటింటి గుమ్మంలో పడేసి, "కూరొండు" అన్నాడు. అక్కడితో మా మౌనం తీరింది.

ఆ ఏడాది ఎంత బాగా గడిచిందో చెబితే నన్ను ఇంకా తప్పుబడతారు. దొరసాని గులాబీలు వేసింది. మేం ముగ్గురం నారింజతో మురబ్బా చేశాం, అది గడ్డకట్టి సీసాలోంచి రాకపోతే సోమన్న సుత్తి తెచ్చాడు. చైత్రంలో కొండవాళ్ళు చేసుకునే ఇటుకల పండక్కి దిగువ ఊరివాళ్ళు దొరసానిని ఉయ్యాల ఎక్కించి ఊపారు. బూట్లతో సహా ఆకాశంలోకి వెళ్ళి, కేరింతలు కొడుతూ దిగింది. నేను హాయిగా నిద్రపోయాను, గడియ పెట్టుకుని.

మళ్ళీ వానలు పడేనాటికి నల్ల అంచు ఉత్తరం వచ్చింది. చెల్లెలు పోయింది. చలికాలం నుంచే మంచంలో ఉందట. అక్క కంగారుపడుతుందని జబ్బు సంగతి రాయలేదట.

దొరసాని ఆ రోజంతా గది దాటి రాలేదు. మర్నాడు మమ్మల్ని బల్ల దగ్గరికి పిలిచింది. ఎవర్నీ ఏమీ అనలేదు. "మా ఆయన ఒద్దన్నాడంటే దానికేదో ఉంటాది," అని మాత్రం అంది, తనకి తనే సర్దిచెప్పుకుంటూ. నేను తల ఎత్తలేదు. అప్పుడు అడిగింది.

"నా సెల్లికి నా మీద కోపమా?"

బల్ల కదల్లేదు. నా కాళ్ళు రెండూ రాళ్ళయిపోయాయి. ఇంక ఈ జన్మలో లేపనని ముందురోజే ఒట్టు పెట్టుకున్నాను. రేకుల మీద వాన. ఆవిడ ఎదురుచూస్తోంది. మళ్ళీ అడగలేదు, ఊరికే ఎదురుచూస్తోంది. ఎంతసేపని చెప్పను? ఆ మౌనం కూడా ఒక జవాబే అవుతుందని, ఆవిడ దాన్ని కోపం కిందే తీసుకుంటుందని నాకు అర్థమయింది. సోమన్న వైపు చూశాను. సోమన్న కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. తల అడ్డంగా ఊపలేదు. నిలువుగానూ ఊపలేదు.

లేపాను. రెండుసార్లు. కోపం లేదు.

మొదటి అబద్ధం నా కోసం. ఇది ఆవిడ కోసం. రెండిట్లో ఏది పెద్ద తప్పు? మొదటిదే అని ఎవరైనా అంటారు. నాకు మాత్రం రెండోదే ఎక్కువ గుచ్చుతుంది. పోయిన మనిషి తరఫున క్షమించడానికి నేనెవర్ని? అందులోనూ, ఆవిడ కోపం నిజంగా ఎవరి మీదికి రావాలో ఆ మనిషిని? అయినా ఇంకోసారి అదే బల్ల దగ్గర కూర్చోబెడితే ఏం చేస్తానో నాకు తెలియదు. ఇదే లేపుతానేమో. తెలియదు.

దొరసాని చేతులు తీసి, కళ్ళు తుడుచుకుని, "ఇంక సాలు," అంది. బల్ల మీద పూలకూజా పెట్టించింది. మళ్ళీ ఎన్నడూ దాని చుట్టూ కూర్చోలేదు.

తరవాత ఎనిమిదేళ్ళు బతికింది. నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది, ఊలు దుస్తులు అల్లడం నేర్పింది. కొండ ఆడవాళ్ళ కాన్పులకి గొడుగేసుకుని పరిగెత్తేది. చివరి చలికాలంలో గుండె జబ్బు చేసింది. ఒక ఉదయం వరండాలో కంబళి కప్పుకుని లోయలోకి చూస్తూ కూర్చుంది. మేమిద్దరమే ఉన్నాం. మంచు ఇంకా విడలేదు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను.

"అమ్మా, ఒక మాట."

"ఏటి? సెప్పు."

నా వైపు తిరిగింది. ఆ కళ్ళు ఎంత తేలిగ్గా, ఎంత నమ్మకంగా చూశాయో!

"టీ చల్లారిపోతోంది," అన్నాను.

"మరి ఏడిగా ఎట్టుకురా, బేగి."

వేడి చేసి తెచ్చేసరికి నిద్రపోయింది. నాలుగు రోజుల తరవాత వెళ్ళిపోయింది. ఆ నాలుగు రోజులూ మంచం చుట్టూ జనం ఉన్నారని చెప్పుకుంటూ ఉంటాను. అది సాకు. జనం లేని ఘడియలు కూడా ఉన్నాయి.

సోమన్న పోయి పదేళ్ళు దాటింది. ఒకసారి అతణ్ణి అడిగాను, నన్ను దేవుడు క్షమిస్తాడా అని. "నానేటి సెప్పగలను గుంటా, నా కాలూ అక్కడే ఉండేది గదా," అన్నాడు. సరిగ్గా చెప్పాడు. బల్ల కింద కాలు పెట్టినవాడు క్షమించలేడు. క్షమించగల ఇద్దరూ మట్టిలో ఉన్నారు, ఒకరు సిల్వర్ ఓక్ చెట్ల కింద దొర పక్కన, ఒకరు నేనెన్నడూ చూడని దేశంలో. మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో ఉన్నదీ కాదు.

పేరు రాయను. పేరు రాస్తే ఆదివారం ప్రార్థన తరవాత అందరూ నా కాళ్ళకేసి చూస్తారు. ఇంతకాలం ఇది తెలిసినదాన్ని నేనొక్కతినే మిగిలాను. ఇప్పుడు మీకూ తెలుసు. తప్పు చెరిగిపోలేదు, చెరగదు కూడా. కానీ పొద్దున్నే టిఫిను మానేసి రాయడానికి కూర్చున్నదాన్ని, ఇప్పుడు మిట్టమధ్యాహ్నమయింది, నాకు బ్రహ్మాండంగా ఆకలేస్తోంది. వంటింట్లో పప్పూ వంకాయ కూరా ఉన్నాయి. వెళ్ళి తింటాను.